రెండు నోళ్ల లెక్క

నేను ఏడో తరగతి సగంలో బడి మానేశాను. మిగిలిన సగం ఇప్పటికీ ఆ బడిలోనే పడి ఉంటుంది, కావలసినవాళ్లు వెళ్లి తెచ్చుకోవచ్చు. అయినా సరే, మణికొండలో నాకంటే ఎక్కువమంది ఇంజనీర్లను తిన్నగా చేసినవాళ్లు లేరు. పొద్దున హైటెక్ సిటీ వైపు ఆఫీసు బస్సుల కోసం నిలబడే చొక్కాలున్నాయే, వాటిలో మా అపార్ట్‌మెంట్ రెండు బ్లాకుల చొక్కాలు మా చేతుల మీదుగా వెళ్లినవే. లోపలి మనిషికి నేను హామీ ఇవ్వను. చొక్కాకు మాత్రం ఇస్తాను.

మాది ఇస్త్రీ పని. అపార్ట్‌మెంట్ సెల్లారులో, జనరేటరుకూ కార్లు కడిగే కుళాయికీ మధ్య ఒక చిన్న గది మాది. మాది అంటే అసోసియేషన్‌ది. పదకొండేళ్లుగా అందులో పని చేస్తున్నాం కాబట్టి మాది అనడం అలవాటైంది. అంతకు ముందు రోడ్డు పక్కన తోపుడు బండి మీద బొగ్గుల పెట్టెతో చేసేవాళ్లం. వానొస్తే టార్పాలిన్ కింద బట్టలను పెట్టి మేము తడిసేవాళ్లం. గది వచ్చాక కరెంటు పెట్టె వచ్చింది, ఫ్యాను వచ్చింది, మా ఆయనకు కొంచెం పొట్ట కూడా వచ్చింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది, మా అత్త నేర్పింది. గుమ్మం దగ్గర బట్టలు తీసుకునేటప్పుడు నేను ఒక్కొక్కటీ పైకి చెబుతూ లెక్కపెడతాను. చొక్కాలు ఆరు, ప్యాంట్లు నాలుగు, చీర ఒకటి. నేను చెబితే చాలదు. ఇచ్చే మనిషి కూడా తన నోటితో అదే లెక్క తిరిగి చెప్పాలి. రెండు నోళ్లూ ఒకే మాట అన్నాకే మూటకు ముడి. కలవకపోతే మూట విప్పి మళ్లీ మొదటి నుంచి. కొత్తగా దిగినవాళ్లు విసుక్కుంటారు.

"తీసుకెళ్లమ్మా, నీ మీద నమ్మకముంది."

"మీకున్నది మేడం. నాకే మీ మీద లేదు. జర లెక్క చెప్పుండ్రి."

నవ్వుతూ అంటాను కాబట్టి ఇన్నేళ్లూ చెల్లిపోయింది.

తరువాత మూటకు దారం కడతాం. ముందు బ్లాకుకు ఎరుపు, వెనక బ్లాకుకు నీలం. ఎన్నో అంతస్తయితే దారానికి అన్ని ముడులు. ఆ అంతస్తులో ఎవరివో బట్టల ముఖం చూస్తే మాకే తెలిసిపోతుంది. మా ఆయనకు అక్షరాలతో అంత చనువు లేదు కానీ, ముడులను కళ్లు మూసుకొని చదువుతాడు.

ఇలా ఉండగా ఒకరోజు లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. ఇకమీదట ఇస్త్రీ సేవ ఆన్‌లైన్‌లో ఉండాలట. ఒక కంపెనీ తన యాప్‌తో ముందుకొచ్చిందట. సెల్లారులోని గది వాళ్లకిచ్చే సంగతి త్వరలో సమావేశంలో తేలుస్తారట. నేను నోటీసును రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా అదే రాసి ఉంది.

అసోసియేషన్ సెక్రటరీ సారు వెనక బ్లాకు మొదటి అంతస్తులో ఉంటాడు. కోస్తా వైపు మనిషి, సర్కారు కొలువు చేసి రిటైరయ్యాడు. నవ్వడానికి కూడా పై అధికారి సంతకం కావాలనుకుంటాడు. నేను వెళ్లి ఆయన తలుపు కొట్టాను.

"ఏంది సార్, పదకొండేండ్ల సంది ఉన్నం. గిట్ల చేస్తే మేం ఏడికి పోవాలె?"

"నేనేం చేయను చెప్పమ్మా? అందరూ ఫోన్లోనే కావాలంటున్నారు. నువ్వూ ఆన్‌లైన్‌లోకి రా, ఎవరొద్దన్నారు?"

"వస్త సార్. ఏ బస్సెక్కాల్నో చెప్పుండ్రి."

ఆయన నవ్వలేదు. సంతకం రాలేదు కాబోలు.

మర్నాడే కూకట్‌పల్లి వెళ్లాను. అక్కడ మాకు తెలిసిన ఫ్లెక్సీల దుకాణం ఉంది. బోర్డు మీద పెళ్లి ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు, వెబ్‌సైట్లు అని ఒకే వరసలో రాసి ఉంటుంది. అది చూసైనా నాకు అనుమానం రావలసింది.

"వెబ్‌సైట్ కావాలె తమ్మీ."

"ఎసుంటిది కావాలె అక్కా?"

"మంచిది."

మంచిదన్నాను, మంచిదే ఇచ్చాడు. అతని తప్పేమీ లేదు. తెర నిండా మా ఇద్దరి ఫోటో. మా ఆయన ఇస్త్రీ పెట్టెను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు. పైన మా గది ఎక్కడుందో, ఏయే బట్టలు చేస్తామో రంగురంగుల అక్షరాల్లో ఉంది. కింద నేను అడిగి పెట్టించుకున్న బొమ్మ ఒకటుంది. మా నోటుబుక్కులో పేజీ ఫోటో అది. చొక్కాలు, ప్యాంట్లు, చీరలు, పంచెలు అని వరసగా రాసి, పక్కన ఖాళీ గళ్లు. జనం ఆ గళ్లలో లెక్క నింపుతారని, నింపింది ఎలాగో నా దగ్గరికి వచ్చేస్తుందని అనుకున్నాను. ఫోన్లో పడ్డాక ఏదైనా ఎక్కడికైనా పోతుంది కదా, మా గదికి రావడానికి దానికేం నొప్పి?

ఫోనుతో ఫోటో తీస్తే మా వెబ్‌సైట్ తెరుచుకునే స్టిక్కరును రెండు లిఫ్టుల్లోనూ అంటించాను. ఒక రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. మూడో రోజు పొద్దున వెనక బ్లాకు మూడో అంతస్తు సారు సెల్లారులోకి దిగి వచ్చాడు. ఆయన ఏదో పెద్ద కంపెనీలో ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేస్తాడు. ఆ రోజు ఆయన చొక్కా చూస్తే ఎవరూ ఆయన్ను ఎంపిక చేయరు.

"ఏంటమ్మా, సోమవారం ఆర్డర్ పెట్టాను. మూట గుమ్మం బయటే ఉంది. ఇవాళ బుధవారం!"

"ఏడ పెట్టిండ్రు సార్?"

ఫోను చూపించాడు. మా వెబ్‌సైట్‌లోని నోటుబుక్కు పేజీని ఫోటో తీసుకొని, దాని మీద వేలితో ఆరు, నాలుగు అని రాసి, సేవ్ నొక్కి ఉంచుకున్నాడు.

"గిది మీ ఫోన్లనే ఉన్నది కద సార్. నా దాంక ఎట్లొస్తది?"

"మరి వెబ్‌సైట్ పెట్టానన్నావుగా?"

"అన్న."

ఇద్దరం కాసేపు ఆ ఫోను వైపు చూశాం. అది మా ఇద్దరి వైపూ చూసింది.

సంగతి సెక్రటరీ సారు దాకా పోయింది. ఆదివారం మీటింగ్ హాల్లో పెద్ద టీవీ మీద మా వెబ్‌సైట్ పెట్టి, అందరి ముందూ నన్ను నిలబెట్టాడు. గళ్ల మీద నొక్కమన్నాడు. నొక్కాను. ఏమీ కాలేదు. ఆయన నొక్కాడు. ఏమీ కాలేదు. ముందు బ్లాకు నుంచి ఒకావిడ లేచొచ్చి, మా ఇద్దరికీ నొక్కడం రాదన్నట్టుగా ఐదుసార్లు నొక్కింది.

"సిగ్గు పడుతున్నది మేడం. కొత్త కద" అన్నాను.

హాలంతా నవ్వింది. సెక్రటరీ సారు మాత్రం నవ్వలేదు.

"ఇది బోర్డమ్మా. గోడకు తగిలించాల్సిందాన్ని టీవీలో తగిలించావు. కంపెనీ వాళ్లది చూడు, నొక్కితే పని జరుగుతుంది. ఇక గది సంగతి..."

నవ్వించాను కానీ, నాకు తోపుడు బండి గుర్తొచ్చింది, టార్పాలిన్ గుర్తొచ్చింది. అప్పుడు వెనక వరసలో చంటిపిల్లను భుజానేసుకున్న ఒక అమ్మాయి లేచింది. వెనక బ్లాకు ఐదో అంతస్తు. కాకినాడ వైపు నుంచి వచ్చిన కుటుంబం.

"సార్, ఒక్క మాటండి. తేల్చేముందు ఒక వారం ఇద్దరి పనీ చూద్దామండి. ముందు బ్లాకు కంపెనీకి ఇవ్వండి, వెనక బ్లాకు వీళ్లకి. అంతకుముందు వీళ్లు సిద్ధమవడానికి నెల రోజులు టైమివ్వండి చాలు."

సారు ఆలోచించాడు. రూలు అడ్డం రాదనిపించిందేమో, సరేనన్నాడు.

మర్నాడు ఆ అమ్మాయి పిల్లతో సహా సెల్లారులోకి వచ్చింది. కాన్పు సెలవులో ఉందట. ఆఫీసులో ఆమె పని టెస్టింగ్. అంటే ఇంకొకరు తయారు చేసినవాటిలో తప్పులు పట్టడం. దానికి జీతమిస్తారట. మా అత్త జీవితాంతం ఉచితంగా చేసింది.

"అక్కా, మీరు నా గుమ్మం దగ్గరికొచ్చి ఏం చేస్తారో, అచ్చంగా అదే ఇక్కడ చేసి చూపించండి."

"ఏముంటది మేడం? లెక్క చెప్త. మీరు చెప్తరు. కలిస్తే ముడేస్త."

"నేను చెప్పకపోతే?"

"వెయ్య."

"మరి మీ వెబ్‌సైట్‌కి నేను లెక్క చెప్తే అది ఏమంటుంది?"

నేను నోరు తెరిచాను. అందులోంచి ఏ మాటా రాలేదు. మా ఆయన ఇస్త్రీ ఆపి నా వైపు చూశాడు. అలాంటి రోజు తన పెళ్లిరోజు నుంచీ ఆయన చూడలేదు.

అప్పుడు నాకు తెలిసింది. వెబ్‌సైట్‌కు నోరుంది, చెవులు లేవు. వచ్చిన ప్రతివాడికీ అదే మాట, అదే ఫోటో, అదే మా ఆయన పొట్ట. నేను వచ్చినా ఒకటే, సెక్రటరీ సారు వచ్చినా ఒకటే. నిన్న ఎవరొచ్చారో దానికి గుర్తుండదు. మాకు కావలసింది వినేది. విని, ఎవరు చెప్పారో గుర్తుపట్టి, చెప్పింది దాచుకొని, తిరిగి జవాబిచ్చేది. ఆ అమ్మాయి దాన్ని వెబ్ అప్లికేషన్ అంది. చూడటానికి రెండూ ఒకే తీరు, ఒకే చోట తెరుచుకుంటాయి, విడిగా ఫోన్లోకి ఏమీ దించుకోనక్కర్లేదు కూడా. తేడా ఎక్కడంటే, దానికి మనం ఏదైనా చెబితే దాని లోపల ఏదో మారుతుంది. రేపు మళ్లీ తెరిస్తే ఆ మారింది మారినట్టే ఉంటుంది.

"అయితే బోర్డు దండగేనా?" అన్నాను.

"ఎందుకు దండగ? కొత్తగా వచ్చినవాళ్లకు మీరెవరో తెలియాలి కదా. అది గుమ్మం బయట ఉంటుంది. ఇది గుమ్మం లోపల."

"గిది నువ్వు చేస్తవా చెల్లె?" మేడం ఎప్పుడు పోయి చెల్లె ఎప్పుడొచ్చిందో నాకు తెలియలేదు.

"చేస్తానక్కా. పాపను నిద్రపుచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం."

"నీ బిడ్డ లంగోటీలకు సుత ఇస్త్రీ చేస్త పో."

ఆ పిల్ల నిద్ర తక్కువ పిల్ల. దాన్ని నేను ఎత్తుకొని పార్కింగ్ అంతా తిప్పుతుంటే, వాళ్లమ్మ మా బట్టల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని పని చేసేది. మూడు వారాలకు ఒక రూపం వచ్చింది. ఫ్లాటు నంబరు, రహస్య అంకెలు కొడితే ఆ ఇంటి పేజీ మాత్రమే తెరుచుకుంటుంది. లెక్క నింపి పంపితే మా గదిలోని ఫోను టింగుమంటుంది. ఆ మొదటి టింగుకు మా ఆయన బెదిరి, ఇస్త్రీ పెట్టెను తీసి పక్కన పెట్టాడు. తరువాత ప్రతి టింగుకూ మీసం తడుముకున్నాడు.

"అక్కా, ఇప్పుడు దీన్ని చెడగొట్టి చూడండి" అంది.

నాకు అంతకంటే ఇష్టమైన పని ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. చొక్కాలు సున్నా అని పంపాను, తీసుకుంది. చీరలు తొమ్మిది వందలు అని పంపాను, దాన్నీ తీసుకుంది. చివరికి ప్యాంట్ల గడిలో మైనస్ మూడు కొట్టాను.

"అంటే ఏంటక్కా?"

"మూడు ప్యాంట్లు నేనే వాళ్లకు ఇయ్యాలె."

ఆమె పడీపడీ నవ్వి, అవన్నీ సరిచేసింది. "మీరు పుట్టు టెస్టరండి బాబూ! మా ఆఫీసులో ఇలాంటివాళ్లు కావాలి" అంది. ఏడో తరగతి సగం సర్టిఫికెట్ పట్టుకొని వస్తానన్నాను.

కానీ అసలు లోపం ఒకటి ఆమెకు తట్టలేదు, నాకు తట్టింది. ఇంటివాళ్లు ఎనిమిది అని పంపారు. నేను గుమ్మం దగ్గర లెక్కపెడితే ఏడే ఉన్నాయి. అప్పుడేంటి?

"మీరు ఏడని మార్చేస్తారు కదా అక్కా?"

"నేనొక్కదాన్నే మారిస్తే ఒక్క నోరే అయితది చెల్లె. వాళ్లు సుత ఒప్పుకోవాలె. ఒప్పుకునే దాంక ముడి పడొద్దు."

ఆమె వెంటనే ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. రెండు రోజుల్లో తెర మీద కొత్త గడి వచ్చింది. రెండు లెక్కలూ కలవకపోతే, తేడా ఉంది అని ఇద్దరి ఫోన్లలోనూ ఎర్రగా వస్తుంది. ఇంటివాళ్లు తమ వేలితో ఒప్పుకున్నామనో, మళ్లీ లెక్కపెట్టమనో నొక్కాలి. కలిశాకే తెర మీద దారం బొమ్మ ముడి పడుతుంది. నీలం దారం, అంతస్తుకు తగిన ముడులు. అది మా ఆయన కోసం. ఆయన ఆ తెరను మొదటిసారి చూసి, వేలితో ముడులు లెక్కపెట్టి, "నాలుగో అంతస్తు" అన్నాడు. అక్షరం ముక్క లేకుండా ఫోను చదివిన ఆ మొహం నన్ను పెళ్లి చేసుకున్న రోజు కూడా అంత వెలిగిపోలేదు.

పరీక్ష వారం వచ్చింది. అబద్ధమాడను, కంపెనీ యాప్ అందంగా ఉంది. మెరుపులు, రంగులు, నవ్వే ఇస్త్రీ పెట్టె బొమ్మ. కానీ వాళ్లు బట్టలను మూటగా పట్టుకుపోయి, ఎక్కడో తమ చోట లెక్కపెట్టి, అదే లెక్క అని యాప్‌లో వేసేవారు. కాదనాలంటే ఫిర్యాదు పెట్టి రెండు రోజులు ఆగాలి. నాలుగో రోజుకు ముందు బ్లాకులో ఒకరి కుర్తా ఇంకొకరి ఇంట్లో తేలింది. ఇద్దరి ఫోన్లలోనూ క్షేమంగా అందింది అనే ఉంది. ఐదో రోజు ముందు బ్లాకు నుంచి ఇద్దరు వెనక మెట్ల మీదుగా మా గదికి మూటలు తెచ్చారు. నేను తీసుకోలేదు. "రూలు రూలే మేడం, సెక్రటరీ సారు అసలే నవ్వడు" అన్నాను.

ఆదివారం మీటింగ్ హాలు నిండిపోయింది. సెక్రటరీ సారు లేచి గొంతు సవరించుకున్నాడు.

"నేనొక విషయం చెప్పాలి. నేనూ వెనక బ్లాకేనండి. మంగళవారం ఎనిమిది పంచెలు ఇచ్చాను. ఏడే తిరిగొచ్చాయి. అమ్మా, ఎనిమిదోది ఏదీ?"

పదకొండేళ్లలో ఒక్క గుడ్డపీలిక పోలేదు మా చేతిలో. పోవాలంటే ఆ రోజే పోవాలా, అదీ ఆయన పంచే పోవాలా? చెల్లె నా చెయ్యి పట్టుకుంది. మా ఆయన తలుపు దగ్గర బిగుసుకుపోయాడు. నేను ముందుకెళ్లాను.

"సార్, జర మీ ఫోన్ తెరవుండ్రి. మంగళవారం లెక్క టీవీల పెట్టుండ్రి. అందరం సూద్దం."

పెట్టారు. తెర మీద వరసగా ఉంది. ఇంటివారు పంపిన లెక్క: పంచెలు ఎనిమిది. గుమ్మం దగ్గర లెక్క: పంచెలు ఏడు. ఎర్రగా, తేడా ఉంది. దాని కింద: ఇంటివారు ఏడుకు ఒప్పుకున్నారు. ఆ కింద నీలం దారం, ఒక్క ముడి.

"ఎవరొప్పుకున్నారు?" అన్నాడు సారు.

"మీరే సార్. ఫోన్ల ఎవరితోనో గట్టిగ మాట్లాడుతున్నరు. లెక్క కలుస్తలేదు సార్ అంటే, సరే సరే అని నొక్కిండ్రు. ఎనిమిదోది మా దాంక రానే లేదు."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకొని చదివాడు. అది మారలేదు. దాచుకున్న మాట కదా. సారు ఫోను తీసి ఇంటికి కొట్టాడు. హాలంతా వినేలా అవతలి నుంచి ఆయన భార్య గొంతు వచ్చింది.

"పంచెనా? నీళ్లోడుతోందని మంగళవారం పొద్దున బాల్కనీలో ఆరేశానండీ. ఇంకా అక్కడే ఉంది. ఎందుకూ?"

మొదట నవ్వింది ఎవరో కాదు, సెక్రటరీ సారే. ఏ సంతకమూ లేకుండా, పొట్ట పట్టుకొని నవ్వాడు. తరువాత హాలంతా నవ్వింది. మూడో అంతస్తు సారు, మడత నలగని చొక్కాలో, చప్పట్లు మొదలుపెట్టాడు. ముందు బ్లాకు ఆవిడ, ఐదుసార్లు నొక్కిన ఆవిడే, లేచి నిలబడి కొట్టింది. చంటిపిల్ల ఆ చప్పుడుకు లేచి ఏడ్చింది. దాన్ని ఎవరూ ఊరుకోబెట్టలేదు.

"అమ్మా, గది మీదే. రెండు బ్లాకులూ మీవే" అన్నాడు సారు. "ఆ ముడి బొమ్మ మాత్రం తీయకండి."

"తీయం సార్. మా ఆయన సదివే పుస్తకం గదొక్కటే."

మర్నాడు పొద్దున ఏడింటికి సెల్లారు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సెక్రటరీ సారు తానే దిగి వచ్చాడు. ఇన్నేళ్లలో ఆయన మా గదిలోకి రావడం అదే మొదటిసారి. చేతిలో ఒకే ఒక పంచె. బల్ల మీద పెట్టి, ఫోను తీసి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకొని, లెక్క నింపాడు. మా ఫోను టింగుమంది. మా ఆయన మీసం తడుముకున్నాడు.

నేను పంచెను అటూ ఇటూ తిప్పి, కింద ఇంకేమైనా ఉందేమోనని బల్ల కిందికి కూడా తొంగి చూసి, పైకి చెప్పాను.

"పంచెలు ఒకటి సార్."

ఆయన వెళ్లబోతూ ఆగాడు. నేను కదలలేదు. ఆయనకు గుర్తొచ్చింది.

"ఒకటి" అన్నాడు గట్టిగా, జనరేటరు మోత మీదుగా కూడా వినబడేలా.

మా ఆయన నీలం దారం తీసి ఒక్క ముడి వేశాడు.